ఊరెళ్ళిన లేబరేటరీ

నేను చోడవరం ఆసుపత్రిలో టెక్నీషియనుగా చేరేటప్పటికి అక్కడ లేబరేటరీ అంటే గది కాదు, గదిలో సగం. మిగతా సగంలో కాంపౌండరుగారి మందుల బీరువాలు ఉండేవి. మధ్యలో ఒక తెర. నా సగంలో ఉన్న సామాను ఇది: ఒంటికన్ను మైక్రోస్కోపు, స్పిరిటు దీపం, చెక్క స్టాండులో టెస్టుట్యూబులు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజి, గాజు మూతల సీసాల్లో ఆసిడ్లు, ఒక నీళ్ళకుండ, ఒక కిటికీ. కిటికీని సామానులో ఎందుకు కలిపానంటే దాంతోనే నాకు ఎక్కువ పని. వెలుతురు అందులోంచే వచ్చేది, సీసాలు పట్టుకున్న చేతులూ అందులోంచే వచ్చేవి.

విశాఖపట్నంలో మాకు ఈ పని నేర్పిన మేష్టారు మొదటిరోజే ఒక సంగతి చెప్పారు. డాక్టర్లకి రిజిస్టరు ఉంది, తప్పు చేస్తే అందులోంచి పేరు కొట్టేస్తారు. నర్సులకీ, మంత్రసానులకీ ఉంది. కాంపౌండర్లకి కూడా ఏదో చట్టం వచ్చింది. "మీకు మాత్రం ఏమీ లేదు. మీ పేరు కొట్టెయ్యాలన్నా ముందు అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా" అన్నారాయన. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. చూసింది రాయండి, అనుకున్నది రాయకండి, రాసింది డాక్టరుకి తప్ప ఇంకెవరికీ చెప్పకండి అని మూడు ముక్కలు చెప్పి, పాఠంలోకి వెళ్ళిపోయారు.

చట్టం లేని ఉద్యోగం కాబట్టి నా చట్టం నేనే రాసుకున్నాను. అట్టమీద ఇండియన్ ఇంకుతో, స్కేలు పెట్టి గీతలు గీసి, కిటికీ పక్కన మేకుకి తగిలించాను.

ఒకటి, పేరు రాసిన చీటీ లేని సీసా తీసుకోబడదు. రెండు, నూనె, సిరా, బెల్లం పోసిన సీసాలు పనికిరావు. మూడు, రిపోర్టు డాక్టరుగారికే ఇవ్వబడును. నాలుగు, లేబరేటరీ పని లేబరేటరీలోనే జరుగును.

మా డాక్టరుగారు గోదావరి జిల్లా మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూ ఉండేవారు. ఆ అట్ట చదివి, జేబులోంచి పెన్సిలు తీసి, అడుగున "అయిదు, టెక్నీషియను నవ్వరాదు" అని రాసి వెళ్ళిపోయారు. నేను రబ్బరుతో చెరిపాను. మర్నాడు మళ్ళీ రాశారు. ఆ అయిదో నిబంధనని ఉండనిచ్చాను.

రెండో నిబంధన ఎందుకు పుట్టిందో చెప్పాలి. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఖాళీ సీసా అంటూ ఒకటి ఉంటే అందులో ఎప్పుడో ఒకప్పుడు పాకం పోసే ఉంటారు. చెరుకు గానుగలు ఆడే రోజుల్లో మరీను. మూత్రంలో చక్కెర ఉందో లేదో చూసే నీలం మందు ఒకటి మాకు ఉంటుంది. చక్కెర ఉంటే, మరిగించినప్పుడు అది ఆకుపచ్చకీ, పసుపుకీ, చివరికి ఇటికరంగుకీ తిరుగుతుంది. తమాషా ఏమిటంటే కొట్లో కొన్న తెల్ల పంచదార కలిపితే దానికి చలనం ఉండదు. బెల్లప్పాకం చుక్క తగిలితే చాలు, ఎర్రబడిపోతుంది. నేను చేరిన కొత్తలో కె.కోటపాడు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో తాత దగ్గర్నుంచి మనవరాలి దాకా అందరికీ ఇటికరంగే వచ్చింది. డాక్టరుగారు రిపోర్టులన్నీ పేకముక్కల్లా పరిచి చూసి, "ఏమయ్యా, వీళ్ళని చీమలు ఎత్తుకుపోకుండా ఇంతకాలం ఎవరు కాపలా కాశారు?" అన్నారు. నేను కడిగిన సీసాలిచ్చి పంపితే అందరిదీ నీలంగానే నిలిచింది. ఆ మధ్యాహ్నమే అట్ట తెచ్చుకున్నాను.

ఇలా నా చట్టం పకడ్బందీగా ఉందనుకుంటున్న రోజుల్లో బుచ్చయ్యపేట అవతలి పల్లెటూరి నుంచి ఒక పెద్దాయన కోడల్ని బండిలో తీసుకొచ్చాడు. చెరుకూ, వరీ పండించే రైతు. తలపాగా, చెవులకి పోగులు, చేతిలో గొడుగు. కొడుకు ఖరగ్‌పూరు రైల్వేలో పని చేస్తున్నాడు. కోడలికి తొలిచూలు. పిల్లకి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ముసుగు కప్పుకుని తల వంచుకుని కూర్చోవడంతో నాకు ఆమె పాదాలే కనిపించాయి. ఆ పాదాలు బాగా ఉబ్బి ఉన్నాయి. కడియాలు చర్మంలోకి దిగబడ్డాయి.

డాక్టరుగారు రక్తపోటు చూసి ఏమీ అనలేదు. ఆటపట్టించే మనిషి ఏమీ అనకపోతే నాకు తెలుస్తుంది. నర్సమ్మగారిని పిలిచి, మూత్రం పట్టించి లేబరేటరీకి పంపమన్నారు. అందులో ఆల్బుమిన్ ఉందో లేదో తేలాలి. ఆల్బుమిన్ అంటే కోడిగుడ్డు తెల్లసొన లాంటి పదార్థం. మామూలుగా మూత్రంలోకి రాకూడదు. కాళ్ళవాపూ, రక్తపోటూ ఉన్న గర్భిణికి అది కూడా కనిపించిందంటే గుర్రపువాతం దారిలో ఉన్నట్టు. మూర్ఛలు మొదలయ్యాక తల్లినీ బిడ్డనీ దక్కించుకోవడం విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కూడా కష్టమే. ముందే తెలిస్తే అక్కడ పడుకోబెట్టి, ఉప్పు మానిపించి, కనిపెట్టి ఉండి గట్టెక్కించవచ్చు.

నర్సమ్మగారు అనకాపల్లి వైపు క్రైస్తవుల ఇంటి ఆడపడుచు. మా ఆసుపత్రిలో నాకంటే, డాక్టరుగారికంటే కూడా పాత ఆవిడ. పిల్లని వెనక్కి తీసుకెళ్ళి కాసేపటికి ఖాళీ సీసాతో తిరిగొచ్చారు. ఆసుపత్రి దొడ్డికి తలుపు ఉంది కానీ గొళ్ళెం లేదు. ఆ పిల్ల సిగ్గుపడి ఏడ్చిందట.

"ఓస్, దానికేటి నర్సమ్మా. రేపు పొద్దున్నే నాను తెచ్చి ఇచ్చెత్తాను గదా" అన్నాడు పెద్దాయన.

నేను శుభ్రంగా కడిగి ఎండబెట్టిన సీసా ఇచ్చాను. చీటీ మీద కోడలి పేరు నేనే రాసి అంటించాను. ఒకటో నిబంధనా, రెండో నిబంధనా రెండూ నెరవేరాయి.

మర్నాడు మొదటి బస్సుకే ఆయన సీసాతో సహా కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆల్బుమిన్ పరీక్ష చిన్నదే. టెస్టుట్యూబులో మూడొంతులు పోసి, పై భాగాన్ని మాత్రం దీపం మీద కాచాలి. మబ్బులా తెల్లగా కమ్మితే అనుమానించాలి. అయితే ఆ మబ్బు రెండు రకాలుగా రావచ్చు. ఒకటి ఆల్బుమిన్, రెండోది ఫాస్ఫేటు అనే అమాయకపు ఉప్పు. ఏదో తేలాలంటే ఎసిటిక్ ఆసిడ్ రెండు మూడు చుక్కలు వెయ్యాలి. ఉప్పయితే కరిగిపోతుంది. ఆల్బుమిన్ అయితే అలాగే కూర్చుంటుంది. పెద్దాయన తెచ్చినదాంట్లో కొద్దిగా మబ్బు వచ్చింది, ఆసిడ్ వెయ్యగానే పోయింది. చూసింది రాశాను. ఆల్బుమిన్ లేదు.

డాక్టరుగారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉంది. నాకే నచ్చలేదు" అన్నారు. వారం తిరక్కుండా ఇంకోసారి తెమ్మన్నారు. పెద్దాయన తెచ్చాడు. మళ్ళీ అదే ఫలితం. ఈసారి తెస్తూ తెస్తూ, పిల్లకి రెండు రోజులుగా తలనొప్పి తగ్గడం లేదని, మొహం కూడా ఉబ్బిందని చెప్పాడు.

డాక్టరుగారు స్వయంగా తెర తీసుకుని నా సగంలోకి వచ్చారు. "కాళ్ళు వాచాయి, మొహం వాచింది, తల నొప్పి, రక్తపోటు ఎక్కువ. నీ గొట్టం ఒక్కటే ఏమీ లేదంటోంది. ఇంకోసారి చూడవయ్యా."

చూశాను. కొత్త ఆసిడ్ తీసి చూశాను. ఎవరిదో ఆల్బుమిన్ ఉన్న మూత్రం స్టాండులో ఉంటే నా ఆసిడ్ పని చేస్తోందో లేదో దాంతో కూడా చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంక మిగిలింది సీసా తెచ్చిన మనిషి. ఆయన ఇంకా కిటికీ బయట నీడలో గొడుగుకి ఆనుకుని ఉన్నాడు.

"పెద్దాయనా, ఈ సీసాలోది మీ కోడలిదేనా?"

"మా ఇంటిదే బాబూ."

"ఇంటిదంటే?"

"ఇంటిదంటే ఇంటిదే. పరగడుపునే పట్టేను. సుట్ట కూడా ముట్టించనేదు."

నర్సమ్మగారు పక్కనే దూది చుడుతూ ఉన్నారు. ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఎవరు సుట్ట ముట్టించనేదు మావా? నువ్వా, నీ కోడలా?"

"కోడలు సుట్ట కాలస్తాదేటి నర్సమ్మా, మరీ సోద్యం కాకపోతే. నానే."

"అయితే ఇది నీ ఒంటేలా?"

"మరెవల్ది తెత్తాను? ఇంటికి పెద్దని నాను కానేటి? సొసైటీలో ఏలిముద్ర నాదే, శిస్తు రసీదు నా పేర్నే, మా తమ్ముడు పెళ్ళాం కేసుకి కోర్టులో నిలబడింది కూడా నానే. ఇంట్లో ఎవులికేటి కావాలన్నా నానే గదా పెడతన్నాను." ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. మాకు ఇంత చిన్న సంగతి ఎందుకు తెలియలేదా అన్న ఆశ్చర్యం ఉంది. "అయినా ఒకే నుయ్యి నీలు. ఒకే కుండ కూడు. ఆ కోడలు గుంట తిన్నదే నానూ తింతన్నాను. తేడా ఏటుంటాది?"

డాక్టరుగారు గోడవైపు తిరిగి నవ్వారు. నర్సమ్మగారు దూది మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను అయిదో నిబంధన పాటించాను, లేదా పాటించడానికి ప్రయత్నించాను. మా ముగ్గురిలో ముందు నవ్వు ఆపింది డాక్టరుగారే.

"అంటే ఆ పిల్లది మనం ఇంతవరకూ చూడనే లేదు" అన్నారు.

తర్వాత ఎవరూ నవ్వలేదు. కోడల్ని వెంటనే బండి కట్టించి తీసుకురమ్మన్నారు డాక్టరుగారు. పెద్దాయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"మొన్నటికి ఏడు నిండింది బాబూ. ఇప్పుడు ఎనిమిదో నెల. పొలిమేర దాటించకూడదు. తొమ్మిది రానీండి, మీరు రమ్మన్న కాడికి తెత్తాను."

"పోనీ ఆమెదే సీసాలో పట్టి తీసుకురా."

"కోడలు గుంటది సీసాలో ఏసుకుని బస్సులో కూకుంతానేటి? నాదంటే నాది. పక్కోడు అడిగితే సెప్పుకుందును. దానిది ఎలా సెప్తాను?"

డాక్టరుగారికి కోపం వచ్చింది. ఆయన కోపంలో చాలా మర్యాదగా మాట్లాడతారు. "మీరు దయచేసి అక్కడ కూర్చోండి" అన్నారు పెద్దాయనతో. నావైపు తిరిగారు. "లేబరేటరీని మోసుకెళ్ళగలవా?"

నాలుగో నిబంధన కిటికీ పక్కనే వేలాడుతోంది. ఎంతో ఇష్టంగా రాసుకున్న వాక్యం అది. దుమ్ములో, గాలిలో, ఎవరి అరుగు మీదో చేసిన పరీక్షకి ఎవరు పూచీ? అదే అడిగాను. నాకు ఆర్డరు రాసి ఇవ్వమని కూడా అడిగాను. డాక్టరుగారు మందుల చీటీ ఒకటి చింపి, నిలబడే రాశారు: "ఈ రోజు ఆసుపత్రి లేబరేటరీ బుచ్చయ్యపేట వైపు ఉండును. దాని బాగోగులకు నేనే పూచీ." కింద సంతకం, హోదా, ఆసుపత్రి ముద్ర. "చాలా? తాళి కూడా కట్టమంటావా?"

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సామాను సర్దుకున్నాను. స్పిరిటు దీపం, ఒక చిన్న సీసాలో స్పిరిటు, అగ్గిపెట్టె, టెస్టుట్యూబులు, వాటిని పట్టుకునే చెక్క పటకారు, చుక్కల గొట్టంతో ఎసిటిక్ ఆసిడ్, వడపోత కాగితాలు, గరాటు, మరిగించి ఆరబెట్టిన సీసాలు, చీటీలు, జిగురు. అన్నీ బిస్కట్ల డబ్బాలో రంపపుపొట్టు పోసి కూర్చితే చక్కగా సరిపోయాయి. నర్సమ్మగారు తన సంచీ, గొడుగు తీసుకున్నారు. మేం ముగ్గురం బస్సెక్కాం.

బస్సులో పెద్దాయన డబ్బా వైపు చాలాసేపు చూశాడు.

"అవును గానీ బాబూ, మరి నాది ఎలాగుంది?"

"ఏది?"

"అదే. రెండుసార్లు సూసేవు గదా. నాకేటీ లేదా?"

"రిపోర్టు డాక్టరుగారికే ఇస్తాం, పెద్దాయనా. చెప్పకూడదు."

"నాది నాకు సెప్పకూడదేటి? మా బాగుంది మీ వరస." ఆయన కండక్టరు వైపు తిరిగాడు. "సూసేవా? నా ఒంటేలు కబురు నాకు సెప్పడంట ఈ బాబు." బస్సంతా మావైపు తిరిగింది. కోడలిదైతే సీసాలో తేవడానికి సిగ్గుపడిన మనిషి తన సంగతి దారిపొడుగునా అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. నర్సమ్మగారు గొడుగు పిడిమీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోవడం లేదు, భుజాలు కదులుతున్నాయి.

బుచ్చయ్యపేట దగ్గర దిగాం. అక్కడ పెద్దాయనకి తెలిసిన వాళ్ళ బండి దొరికింది. అది చెరుకు తోటల మధ్య చక్రాల గాళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళింది. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. బండి కుదిపినప్పుడల్లా లోపల గాజు చప్పుడు వినిపిస్తే లెక్క చూసుకునేవాణ్ణి.

ఇల్లు పెంకుటిల్లు. ముందు అరుగు. అరుగు మీద పెద్దాయన భార్య చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని, అడ్డపొగ తాగుతూ, చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. మమ్మల్ని చూసి లేవలేదు. చుట్ట తియ్యకుండానే మొగుణ్ణి అడిగింది.

"ఎవులీళ్ళు? కోడల్ని సూడ్డానికి ఆసుపత్రోలు ఇంటికొచ్చేసేరేటి? ఏటైందని?"

"ఏటీ అవనేదు. ఏదో గొట్టం ఎలిగిత్తారంట. ఇలాగ సూసి ఎలిపోతారు."

నర్సమ్మగారు సీసా తీసుకుని లోపలికి వెళ్ళారు. నేను అరుగు చివర గాలి తగలని మూల చూసుకుని దీపం పెట్టాను. ఇంతలో వీధిలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి గోడకి ఆనుకున్నారు. నర్సమ్మగారు సీసా పట్టుకుని గడప దాటగానే అత్తగారు గబుక్కున లేచి తన పైటచెంగు దానిమీద కప్పేసింది. సీసా చెంగు కిందే అరుగు దాకా వచ్చింది.

"దీని పక్కన నాది కూడా పెట్టు" అన్నాడు పెద్దాయన. "రెండూ ఒక్కటేనని మీ కళ్ళతో మీరే సూద్దురు గాని."

ఇది నాకు నచ్చింది. ఏ పరీక్షకైనా పక్కన పోల్చి చూడ్డానికి మంచి శాంపిలు ఒకటి ఉండాలని మా మేష్టారు అనేవారు. పెద్దాయనకి కూడా ఒక సీసా ఇచ్చాను. ఆయన దొడ్లోకి వెళ్ళి, ఆ సీసా అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుని వచ్చాడు. రెండింటికీ చీటీలు అంటించాను. ఈసారి చీటీ మీద పేరు రాసేముందు ఎవరిదో నర్సమ్మగారి నోటితో చెప్పించుకున్నాను.

కోడలిది ముందు కాచాను. మంట తగిలిన పైభాగంలో తెల్లగా మబ్బు కమ్మింది. గోడ దగ్గర ఎవరో "అమ్మోయ్" అన్నారు. తర్వాత పెద్దాయనది కాచాను. అందులో కూడా మబ్బు వచ్చింది. కాస్త పలచగా, అంతే.

పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు చరుచుకుని లేచాడు. "సూసేరా? నాను సెప్పలేదేటి? ఒకే నుయ్యి. ఒకే కుండ." పెళ్ళాం వైపు తిరిగాడు. "అనవసరంగా ఆళ్ళని ఎండలో తిప్పేం. మజ్జిగ ఇయ్యి."

చుక్కల గొట్టం తీసి పెద్దాయన గొట్టంలో ఆసిడ్ వేశాను. ఒక చుక్క, ఇంకో చుక్క. మబ్బు కిందనుంచి విడిపోతూ పైకి జరిగి, మాయమైపోయింది. మూడు చుక్కలకి గొట్టం తేటగా అయింది, వెనకాల ఉన్న గోడమీది సున్నం చార కూడా కనిపించింది. పెద్దాయన వంగి చూశాడు.

కోడలి గొట్టంలో వేశాను. ఒకటి, రెండు, మూడు. మబ్బు చెదరలేదు. ఇంకా చిక్కబడింది. విరిగిన పాలలాగా తునకలు కట్టి, మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. నేను విశాఖపట్నంలో చూసినవాటిలో కూడా ఇంత ఎక్కువ ఎప్పుడూ చూడలేదు.

"ఏటి బాబూ అది?" అన్నాడు పెద్దాయన.

"డాక్టరుగారు చెప్తారు."

"డాకటేరు బాబు ఇక్కడ లేడు గదా. నువ్వు సెప్పు."

"నేను చెప్పకూడదు, పెద్దాయనా."

నిజంగానే ఆ క్షణంలో నాకు అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఒకపక్క మూడో నిబంధన, ఒకపక్క అరుగు నిండా జనం, గడప లోపల ఒక ముసుగు అంచు. నర్సమ్మగారు నా చేతిలోంచి రెండు గొట్టాలూ తీసుకున్నారు.

"ఆ బాబుని అడగకండి. ఆయనకి రిజిస్టరు లేదు. నాకుంది, నన్ను అడగండి." రెండు గొట్టాలూ పక్కపక్కన వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. "ఇది మావది. సుబ్బరంగా ఉంది, ఇంకో ఇరవై ఏళ్ళు ఏలిముద్రలు ఏసుకోవచ్చు. ఇది మీ కోడలిది. ఈ తెల్లది కడుపుతో ఉన్న మనిషికి పోకూడదు. పోతంటే ఏటవుతాదో పిన్నీ, నీకు తెలుసా?"

ఆ ప్రశ్న అత్తగారికి వేసింది. అత్తగారు నోట్లోంచి చుట్ట తీసింది. గొట్టం దగ్గరికి వచ్చి, ముట్టుకోకుండా, అటు తిరిగి ఇటు తిరిగి చూసింది.

"మా సెల్లికి కాళ్ళు ఇలాగే నీరొచ్చేయి" అంది. "తల పగిలిపోతందని మూడు రోజులు గోలెట్టింది. నాలుగో నాడు గుర్రపువాతం కమ్మేసింది."

చూపు గొట్టం మీంచి తీసి గడప లోపలికి చూసింది.

"బండి కట్టించు" అంది మొగుడితో.

"ఎనిమిదో నెల గదే. పొలిమేర—"

"నెల సూసుకుంతావా, గుంటని సూసుకుంతావా? మా అయ్య కూడా నెలే సూసేడు." చుట్ట అరుగు అంచుకి నులిపి ఆర్పేసింది. "ఆ గుంట కడియాలు తీయించండి ముందు. కాలు కోసుకుపోతన్నాది."

పెద్దాయన ఇంకా ఆ రెండు గొట్టాల ముందే ఉన్నాడు. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చూశాడు. నాతోనో తనతోనో, "ఒకే కుండ కూడే గదా బాబూ" అన్నాడు నెమ్మదిగా. జవాబు కోసం ఆగలేదు. ఎడ్లని విప్పడానికి దొడ్లోకి వెళ్ళాడు.

కడియాలు రాలేదు. సబ్బునీళ్ళు పోసి లాగినా రాకపోతే పెద్దాయనే ఇనప పటకారుతో విరిచాడు. బండిలో గడ్డి మీద బొంత పరిచి పిల్లని ఎడమవైపుకి పడుకోబెట్టాం. నర్సమ్మగారు తలదగ్గర, అత్తగారు కాళ్ళదగ్గర. డబ్బా పట్టుకుని నేను వెనకాల నడిచాను. చోడవరం చేరేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరుగారు నా కాగితం చదివి, పిల్లని చూసి, బయటికి వెళ్ళి, అనకాపల్లి మార్కెట్టుకి బెల్లం వేసుకుపోయే లారీని ఆపారు. ముందు సీట్లో పిల్లనీ, నర్సమ్మగారినీ కూర్చోబెట్టారు. అత్తగారూ పెద్దాయనా బెల్లం దిమ్మల మీద ఎక్కారు. అనకాపల్లి నుంచి వేరే బండిలో ఆ రోజే విశాఖపట్నం చేరారు.

తర్వాత చాలా రోజులు కబురు తెలియలేదు. నర్సమ్మగారు తిరిగొచ్చి, వెలుతురు తగిలితే మూర్ఛ రావచ్చని అక్కడ చీకటి గదిలో పడుకోబెట్టారనీ, మూర్ఛ మాత్రం ఇంకా రాలేదనీ చెప్పారు. ఆ "ఇంకా" అన్నమాట నాకు రోజూ గుర్తొచ్చేది. డాక్టరుగారు కూడా బుచ్చయ్యపేట వైపు నుంచి ఎవరొచ్చినా ముందు ఆ సంగతే అడిగేవారు. ఎవరికీ తెలిసేది కాదు.

ఈలోపున అట్ట మార్చాను. నాలుగో నిబంధనకి "డాక్టరుగారి ఉత్తరువు లేనిదే" అని తోక తగిలించాను. కొత్తగా ఒకటి చేర్చాల్సి వచ్చింది. అది రాయడం నేననుకున్నంత తేలిక కాలేదు. "శాంపిలు రోగిదే అయి ఉండవలెను" అని రాస్తే, "రోగి అంటే ఎవరు బాబూ, మాకెవులికీ రోగం లేదు" అంటారని నర్సమ్మగారన్నారు. "చీటీలో పేరున్నవారి శరీరము నుండి" అని రాస్తే డాక్టరుగారు చదివి, శవపంచాయితీ కాగితంలా ఉందన్నారు. చివరికి నర్సమ్మగారు చెప్పినట్టే రాశాను: "ఎవరిని తెమ్మంటే వారిదే తేవాలి. ఇంటి పెద్దది పనికిరాదు." చదువు రానివాళ్ళకి కిటికీ దగ్గర నేనే చదివి వినిపించేవాణ్ణి. దాదాపు అందరూ నవ్వేవారు. నవ్వని వాళ్ళు కొందరు తెచ్చిన సీసా మళ్ళీ సంచీలో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయేవారు. వాళ్ళని చూసినప్పుడు అంతకుముందు నేను ఎవరెవరి పేరుమీద ఎవరెవరి రిపోర్టులు రాశానో అని అనిపించేది.

వరికోతలు మొదలయ్యాక ఒక ఉదయం కిటికీలోకి గాజులున్న చెయ్యి ఒకటి వచ్చింది. చేతిలో సీసా, సీసాకి చీటీ. ముసుగు లేదు. మొహం నేను ఎప్పుడూ చూసింది కాదు. కిందికి చూస్తే పాదాలు సన్నగా, ఎముకలు తేలి ఉన్నాయి. కడియాలు లేవు. వెనకాల వరండాలో అత్తగారు గుడ్డలో చుట్టిన పసిపిల్లని పట్టుకుని కూర్చుంది. నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల. పిడికెడంత ఉంది, గట్టిగా ఏడుస్తోంది. పెద్దాయన గొడుగు పిల్లకి అడ్డం పట్టి నిలబడ్డాడు.

"డాకటేరు బాబు సూపించుకోమన్నారు" అంది ఆ అమ్మాయి. "నాదే. నానే తెచ్చేను. బస్సులో."

తీసుకున్నాను. ఆమె కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. పొమ్మని అనడానికి నా అట్టమీద ఏ నిబంధనా లేదు. దీపం వెలిగించి గొట్టం కాచాను. పైన మబ్బు కమ్మింది. ఆమె రెండు చేతులతో కిటికీ కమ్మీ పట్టుకుంది. ఆ రోజు వాళ్ళ ఇంటి అరుగు మీద ఏం జరిగిందో ఆమె గడప లోపలినుంచి అంతా చూసిందని అప్పుడు అర్థమైంది. మబ్బు అంటే ఏమిటో ఆమెకి తెలుసు. చుక్కల కోసం ఆగాలని కూడా తెలుసు.

ఒక చుక్క వేశాను. ఇంకో చుక్క.

మబ్బు విడిపోయింది. గొట్టాన్ని వెలుతురుకి ఎత్తాను, కొంచెం ఆమె వైపుగా. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు.

"తేటగుంది" అంది.

"డాక్టరుగారు చెప్తారమ్మా" అన్నాను.

"ఆయన్ని కూడా అడుగుతాను లెండి" అని, కమ్మీ వదిలేసి, పిల్లని తీసుకోవడానికి వరండాలోకి వెళ్ళింది. నేను రిపోర్టు రాయడానికి కూర్చున్నాను.